అబ్బాయి ఐస్ హాకీ ఆడుతున్నాడు... ప్లాటు అమ్మాలా?

ప్రశ్న: మేం మిషిగన్‌లో ఉంటాం. మా అబ్బాయికి 24 ఏళ్లు. స్కాలర్‌షిప్ మీద కాలేజీ హాకీ ఆడి, ఇప్పుడు ఈసీహెచ్‌ఎల్‌లో (అతిపెద్ద హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌కి రెండు మెట్లు కిందిది) ఫార్వర్డ్‌గా రెండో సీజన్ ఆడుతున్నాడు. వారానికి 600 డాలర్లు వస్తాయి, అదీ సీజన్ ఉన్నన్నాళ్లే. వేసవి ట్రైనింగ్, కారు, ఫోను మేమే చూసుకుంటున్నాం. ఏడాదికి 14 వేల డాలర్లు అవుతోంది. ఇంకో ఐదేళ్లు వాడి వెనక నిలబడాలని, శంకర్‌పల్లి దగ్గరున్న 300 గజాల ప్లాటు అమ్మేద్దామనుకుంటున్నాను. మా ఆవిడ వద్దంటోంది. వాడి చదువు కోసం పెట్టిన 529 ఖాతాలో (పన్ను మినహాయింపు ఉన్న చదువుల పొదుపు ఖాతా) 38 వేల డాలర్లు అలాగే ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆవిడ మాట వినండి. ప్లాటు జోలికి వెళ్లొద్దు. అలాగని అబ్బాయిని ఆట మానేయమనడం లేదు.

మీరు ఐదేళ్లు అన్నారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, లీగ్ లెక్క వేరే ఉంది. అబ్బాయికి తెలిసే ఉంటుంది, మీతో అని ఉండడు. ఈసీహెచ్‌ఎల్‌లో సీజన్ మొదలయ్యేనాటికి 260 ప్రొఫెషనల్ ఆటలు పూర్తయినవాడు వెటరన్. గోలీలను (గోల్‌కీపర్లను) పక్కన పెడితే ఒక్కో జట్టు అలాంటివాళ్లను నలుగురినే ఉంచుకోవాలి. పై మెట్టైన ఏహెచ్‌ఎల్‌లోనూ దాదాపు ఇదే గీత. గోలీలు కాక ఆటకు దిగే 18 మందిలో కనీసం 12 మంది 260 దాటనివాళ్లే ఉండాలి. సీజన్‌కి 72 ఆటలు. దెబ్బలు తగిలి కూర్చున్నవి తీసేస్తే 60 అనుకుందాం. ఆ లెక్కన ఈ సీజన్ కాక ఇంకో మూడు ఆడేసరికి మీవాడు గీత దాటేస్తాడు. అన్నీ ఆడితే రెండే. ఆ తర్వాత ఆ నలుగురిలో చోటు దొరకాలంటే బాగా గోల్స్ కొట్టేవాడో, కెప్టెన్ స్థాయి ఉన్నవాడో అయి ఉండాలి. అందుకే క్యాలెండర్ కాదు, ఆటలు లెక్కపెట్టండి.

ఇక జీతం. 26 వారాలకు 15,600 డాలర్లు. ఇల్లు జట్టే ఇస్తుంది కాబట్టి చూడ్డానికి కనిపించేంత కటకట ఉండదు. ఏహెచ్‌ఎల్‌లో కనీస జీతమే ఏడాదికి 50 వేలు దాటుతుంది, కానీ అక్కడ అద్దె సాధారణంగా ఆటగాడే కట్టుకోవాలి. ఎన్‌హెచ్‌ఎల్‌లో 2025-26 సీజన్‌కి కనీస జీతం 7,75,000 డాలర్లు. ఈ మూడో అంకె చూసే తల్లిదండ్రులు ప్లాట్లు అమ్ముతారు. పంజాబీ మూలాలున్న హాకీ ఆటగాడు అర్ష్‌దీప్ బైన్స్ పేరు మీ ఇంట్లో వినిపిస్తూనే ఉంటుంది. డ్రాఫ్ట్‌లో (జట్లు కుర్రాళ్లను ఎంచుకునే వరసలో) ఎవరూ తీసుకోకపోయినా 2024లో వాంకూవర్ జట్టు తరఫున ఎన్‌హెచ్‌ఎల్‌లో దిగాడు, నిజమే. కానీ 2022లోనే వాంకూవర్ ఆయనతో కాంట్రాక్టు రాయించుకుని ఏహెచ్‌ఎల్‌కి పంపింది. మీవాడు ఉన్న మెట్టు అది కాదు. ఏహెచ్‌ఎల్ నుంచి పిలుపు వస్తే 25 ఆటల ట్రైఔట్ (పరీక్షించి చూసే) కాంట్రాక్టు ఇవ్వొచ్చు. ఆ నెలల్లో వచ్చే అదనపు డబ్బును పండగ బోనస్ అనుకోవాలే గానీ, దాన్ని నమ్ముకుని కొత్త కారు లోన్ తీసుకోకూడదు.

మీ చేతిలో ఉన్న అసలు డబ్బు ఆ 529 ఖాతా. 2024 నుంచి దాన్ని అబ్బాయి పేరు మీద రాత్ ఐఆర్‌ఏలోకి (రిటైర్మెంట్ పొదుపు ఖాతాలోకి) మార్చుకోవచ్చు. ఖాతా తెరిచి 15 ఏళ్లు దాటి ఉండాలి, గత ఐదేళ్లలో వేసిన డబ్బు కదపకూడదు, జీవితం మొత్తానికి 35 వేలు మించకూడదు. ఏడాదికి రాత్ పరిమితి మేరకే వెళ్తుంది: 2025కి 7,000, 2026కి 7,500. వాడికి ఆ ఏడాది అంత సంపాదన ఉండాలి, అదెలాగూ ఉంది. హాకీ జీతం ఒక్కటే అయితే ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ దాదాపు సున్నా. మీ జేబులోంచి ఒక్క డాలర్ తీయకుండా వాడి రిటైర్మెంట్‌కు పునాది పడుతుంది. ఈ ఏడాది, వచ్చే రెండేళ్లు మార్చి, మిగిలినది చదువుకే ఉంచండి. బ్రిటన్ హాకీ లీగైన ఎలీట్ లీగ్‌లో కొన్ని జట్లు ఆటతో పాటు మాస్టర్స్ సీటు కూడా ఇస్తాయి. ఈ మెట్టు మీద ఆగిపోయిన ఫార్వర్డ్‌లకు నాకు బాగా నచ్చిన దారి అదే.

26 ఏళ్లు నిండేదాకా మీ హెల్త్ ఇన్సూరెన్స్‌లోంచి తీయకండి. మీ ట్యాక్స్ రిటర్న్‌లో మాత్రం వాడిని డిపెండెంట్‌గా చూపకండి, ఆ సంపాదనకు కుదరదు. వేరే రాష్ట్రాల్లో ఆడిన రోజులకు అక్కడ పన్ను కట్టాల్సి రావచ్చు. ఆటగాళ్ల రిటర్న్‌లు చేసిన అకౌంటెంట్‌ను చూసుకోండి. ఏ చిన్న దెబ్బ తగిలినా సీజన్ ముగిసేలోపే జట్టు రికార్డులో రాయించుకోమనండి. తర్వాత క్లెయిమ్ చేయాలంటే ఆ కాగితమే ఆధారం.

ప్లాటు ఎందుకు వద్దంటున్నానంటే, ఎన్నారైలు అమ్మితే కొనేవాళ్లు లాభం మీద కాకుండా మొత్తం ధర మీదే టీడీఎస్ కోస్తారు, ముందే తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప. అమెరికాలో కూడా ఆ లాభం చూపించాలి. ఇంత తతంగం ఏడాదికి 14 వేల ఖర్చు కోసమా? పిల్లల చదువుకి పొలం అమ్మిన ఇళ్లలోంచి వచ్చినవాళ్లమే మనం, కాదనను. కానీ చదువుకి నాలుగేళ్లని గడువు ఉండేది.

మీరూ గడువు పెట్టండి. వచ్చే రెండు వేసవుల ట్రైనింగ్ ఖర్చు మీది, ఆ తర్వాత వాడిది. వేసవిలో పిల్లల హాకీ క్యాంపుల్లో కోచింగ్ ఇస్తే ఫోను, పెట్రోలు వాడే కట్టుకోగలడు. కారు ఇన్సూరెన్స్ మాత్రం ఈ నెల నుంచే వాడి ఖాతాలోంచి కట్టించండి.