క్రూయిజ్ నౌకలంటే రేవు పట్టణాలకు అభ్యంతరం దేనికి?

విశాఖలో క్రూయిజ్ ఎక్కడానికి హైదరాబాదు నుంచి బయలుదేరుతున్న మిత్రులొకరు అడిగారు: పర్యాటకులు డబ్బు తెస్తారు కదా, మరి కొన్ని ఊళ్లు ఈ నౌకలను ఎందుకు వద్దంటున్నాయి?

హోటల్లో దిగిన యాత్రికుడు రాత్రి భోజనానికి, ఆటోకు, మర్నాటి టిఫినుకు ఖర్చు పెడతాడు. నౌకలో వచ్చినవారికి గది, భోజనం టికెట్టులోనే కలిసి ఉంటాయి కనుక, వారిలో చాలామంది కొన్ని గంటలు ఊరు చూసి, ఏ ఫ్రిజ్ మాగ్నెట్టో కొనుక్కుని, సాయంత్రానికి ఓడెక్కేస్తారు. నౌకలోని వారంతా ఒక్కసారిగా దిగితే వీధులు కిక్కిరిసిపోతాయి. రంజాన్ చివరి రాత్రుల్లో లాడ్ బజారులో నడిచినవారికి అలాంటి రద్దీ తెలుసు. కాకపోతే అక్కడికి వచ్చినవారు గాజులు కొనే వెళతారు.

పొగ సంగతి వేరు. రేవులో ఆగి ఉన్నా దీపాలు, ఏసీలు, వంటశాలలు నడవాలి కాబట్టి, ఒడ్డు నుంచి విద్యుత్తు అందని చోట ఇంజన్లు ఆగవు.

వెనిస్‌లో 25,000 టన్నేజీ (నౌక పరిమాణానికి కొలత) దాటిన నౌకలు ఊరి గుండా సాగే జుడెక్కా కాలువలోకి రాకుండా 2021 ఆగస్టులో నిషేధించారు. సుమారు 32,000 జనాభా గల అలస్కా రాజధాని జూనోలో 2024 నుంచి రోజుకు 5 పెద్ద నౌకలకే అనుమతి. అయితే గైడ్లు, టాక్సీవాలాలు ఈ ఆంక్షలను వ్యతిరేకించడం కూడా న్యాయమే. వారి ఏడాది సంపాదన నౌకలు వచ్చే ఆ కొద్ది నెలల్లోనే రావాలి. ఫ్లోరిడాలోని కీ వెస్ట్ ఓటర్లు 2020లో ఆంక్షలకు ఆమోదం తెలిపితే, మరుసటి ఏడాది రాష్ట్ర చట్టసభ వాటిని రద్దు చేసింది. నా దృష్టిలో అసలు తగువు ఇక్కడే ఉంది: రేవు ఎవరిది, ఊరివాళ్లదా, రాష్ట్రానిదా?