నెట్ పాసైన వారికి మళ్లీ మెంటర్ ఎందుకు?

కళాశాల అధ్యాపకుల అర్హత పరీక్షలైన నెట్, సెట్ ఉత్తీర్ణులై, పీహెచ్‌డీ కూడా పూర్తిచేసి వచ్చిన డిగ్రీ అధ్యాపకులకు ఇంకొకరి మార్గదర్శనం, అంటే మెంటర్, అవసరమా అని ఒకరు అడిగారు. అవసరమే. నన్నడిగితే పీహెచ్‌డీ ఉన్నవారికే మరింత అవసరం. బడిలో చెప్పేవారికి బీఎడ్ ఉండాలంటాం కానీ కళాశాలలో చెప్పేవారికి ఆ షరతు లేదు. నెట్ మొదటి పేపరులో బోధన గురించి ప్రశ్నలుంటాయి, నాలుగింటిలో సరైనదాన్ని గుర్తిస్తే మార్కు వస్తుంది. తరగతి గదిలో ఆ నాలుగు జవాబులను మన ముందుంచేవారు ఉండరు.

తొంభైలలో హనుమకొండకు దగ్గరలోని ఒక కళాశాలలో అర్థశాస్త్రం చెప్పడానికి చేరాను. రెండో వారంలో సప్లయి వ్యాకోచత్వం (ధర మారితే సరఫరా ఎంత మారుతుందన్నది) పాఠాన్ని నిర్వచనం, సూత్రం, పటం వరుస తప్పకుండా నోట్సుగా రాయించాను. మా విభాగంలోని పెద్ద సారు చివరి బెంచీలో కూర్చుని విన్నారు. గంట కొట్టాక బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. "రేపు పొద్దున తయారుండు, ఎనుమాముల పోదాం" అన్నారంతే. వరంగల్‌లోని పెద్ద వ్యవసాయ మార్కెట్ అది.

మిర్చి సీజను కావడంతో యార్డు నిండా బస్తాలే. జెండా పాటలో, అంటే యార్డులో జరిగే బహిరంగ వేలంలో, మేలురకం సరుకుకు పలికిన ధరను అందరూ చెప్పుకుంటుండగా, అంతకన్నా చాలా తక్కువకు తన పంటను తూకం వేయిస్తున్న ఒక రైతును చూపి, "ఈయన సరుకు ఎందుకు వాపసు తీసుకపోతలేడు?" అని సారు నన్నడిగారు. నేను పుస్తకంలోది చెప్పాను. ఆయన నాచేత రైతునే అడిగించారు. తెచ్చిన కిరాయి, మళ్లీ మోయాల్సిన కిరాయి, అడ్తిదారుకు (కమిషన్ ఏజెంటుకు) ఉన్న బాకీ, కోల్డ్ స్టోరేజీలో పెడితే కట్టాల్సిన అద్దె అన్నీ వరుసగా వచ్చాయి. అతి స్వల్పకాలంలో సప్లయి రేఖ నిటారుగా ఎందుకుంటుందో, అంటే ధర ఎంతైనా అమ్మకానికి వచ్చిన సరుకు ఎందుకు మారదో, ఎంఏలో మంచి మార్కులు తెచ్చుకున్న నాకు ఆ బస్తాల మధ్య అర్థమైంది. మరునాడు తరగతిలో జెండా పాట గురించి అడిగితే, అంతవరకు నోరు విప్పని మిర్చి రైతు కొడుకు పది నిమిషాలు చెప్పాడు.

ఇదే పనిని సంస్థలు తమ పద్ధతిలో చేస్తున్నాయి. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) అధ్యాపకుల శిక్షణకు అకడమిక్ స్టాఫ్ కాలేజీలను నెలకొల్పింది, వాటి పేర్లు మారుతూ వచ్చి ఇప్పుడు మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. అక్కడ మంచి ఉపన్యాసాలు విన్నాను, కాదనను. కానీ పదోన్నతికి ధ్రువపత్రం కావాలి కాబట్టి వచ్చినవారే నా చుట్టూ ఎక్కువ కనిపించారు, పైగా తిరిగొచ్చాక మన తరగతిలో కూర్చుని చూసే మనిషి ఉండడు. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వస్తోందంటే విద్యార్థులకు మెంటర్లను కేటాయించిన రిజిస్టర్లు రాత్రికి రాత్రే సిద్ధమవుతాయి, అధ్యాపకుడికి మెంటర్ ఎవరో రాసే గడి మాత్రం నాకెక్కడా కనబడలేదు.

ఒక షరతు మాత్రం తప్పనిసరి. మెంటర్‌గా ఉండేవారి చేతిలో మన పనితీరు నివేదిక ఉండకూడదు. మా పెద్ద సారు విభాగాధిపతి కారు, అందుకే ఆయన ముందు నాకు తెలియదని ఒప్పుకోగలిగాను. గెస్ట్ అధ్యాపకులకైతే ఈ చర్చే వర్తించడం లేదు: పీరియడ్ లెక్కన జీతం తీసుకుని మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయేవారిని ఏ సీనియరైనా ఎనుమాముల తీసుకెళ్లాలంటే, ఆ పొద్దుటి కూలి ఎవరిస్తారు?