జంప్ స్టార్ట్ చేసిన కారు రెండు రోజులకే మళ్లీ ఆగిపోతోందా?

బ్యాటరీ ఖాళీ అయి, మరో బ్యాటరీ సాయంతో (జంప్ స్టార్ట్) నడిపించిన కారు మళ్లీ ఆగిపోవడం: అమెరికా వచ్చి సెకండ్ హ్యాండ్ కారు కొన్న మనవాళ్లు చాలామందికి మొదటి చలికాలంలోనే ఎదురయ్యే చిక్కు ఇది. దయచేసి వెంటనే కొత్త బ్యాటరీ కొనకండి. లోపం మరోచోట ఉంటే కొత్తదీ ఇలాగే ఖాళీ అవుతుంది.

ముందు బ్యాటరీ టెర్మినల్స్ (కేబుళ్లు బిగించే రెండు కొనలు) చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే బేకింగ్ సోడా నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నట్లు బిగించండి. తర్వాత వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటర్‌ని ఆ రెండు టెర్మినల్స్‌కీ పెట్టండి. రాత్రంతా ఆగిన కారులో 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు మామూలుగా 13.7 నుంచి 14.7 దాకా రావాలి. 13 కూడా దాటకపోతే ఆల్టర్నేటర్‌నో (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసేది), దాన్ని తిప్పే బెల్టునో అనుమానించాలి. బ్యాటరీ మీద తేదీ చూసి నాలుగైదేళ్లు దాటితే ఆటోజోన్ లాంటి షాపులో ఉచితంగా టెస్ట్ చేయించండి.

ఇవన్నీ బాగుంటే, ఆగి ఉన్న కారులో ఏదో కరెంటు లాగేస్తోందని అర్థం. బ్యాటరీని నిండా చార్జ్ చేసి, తాళంచెవిని కారు నుంచి తీసి దూరంగా పెట్టండి. నెగటివ్ కేబుల్ విప్పి, కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్య మీటర్‌ని 10 యాంపియర్ల సాకెట్‌తో కలపండి. మీటర్ తగిలించి ఉండగా స్టార్ట్ చేశారా, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. డోరు తెరిచినా కంప్యూటర్లు మేల్కొని లెక్క తప్పుతుంది, కాబట్టి ఫ్యూజు బాక్సు లోపల ఉంటే డోరు గొళ్లేన్ని ముందే స్క్రూడ్రైవర్‌తో మూసిపెట్టండి. అరగంట నుంచి నలభై నిమిషాలు ఆగితే అన్నీ నిద్రపోతాయి. అప్పుడు 50 మిల్లీయాంపియర్ల లోపు ఉంటే మామూలే. అర యాంపియర్ ఉంటే రోజుకి 12 యాంపియర్-అవర్లు కారిపోతున్నట్టు. 60 యాంపియర్-అవర్ల బ్యాటరీ మూడు రోజుల్లో సగానికిపైగా ఖాళీ. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ వెళ్లండి, ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో దొంగ ఆ సర్క్యూట్‌లోనే ఉంది. ఎక్కువగా డ్యాష్‌క్యామ్, డిక్కీ లైటు, డయాగ్నస్టిక్ పోర్టుకి (మెకానిక్ కారు లోపాలు చదివే సాకెట్) గుచ్చిన పరికరం దొరుకుతాయి. ఏ ఫ్యూజు తీసినా అంకె తగ్గకపోతే ఆల్టర్నేటర్ డయోడ్‌ని మెకానిక్‌కి చూపించండి.

సంక్రాంతికి నెల రోజులు ఇంటికెళ్తున్నారా? 50 మిల్లీయాంపియర్లే అయినా నెలకి 36 యాంపియర్-అవర్లు! చాలా కార్లకి 10 మిల్లీమీటర్ల స్పానర్ సరిపోతుంది, నెగటివ్ కేబుల్ విప్పేసి వెళ్లండి. తిరిగొచ్చాక రిమోట్ పనిచేయదు, అందులో దాగిన చిన్న తాళంచెవితోనే డోరు తీయాలి.