అతన్ని మొదటి పేజీలోనే చంపెయ్యకు

తమ్ముడూ,

ఢిల్లీ వీధి నాటకకర్త సఫ్దర్ హాష్మీ మీద నువ్వు రాసిన నాటకం చదివాను. సంభాషణ నడపడం నీకు వచ్చు. అట్ట మీద 'వీధి నాటకం' అని రాసి, లోపల తెర లేపావు. లేవగానే ఆయన నెత్తుటి మడుగులో ఉన్నాడు. మనవాళ్లందరికీ ఇదే జబ్బు. ఆయన పోయిన జనవరి వస్తే ప్రత్యేక సంచికల సంపాదకులకు స్మృతిగీతం కావాలి, నాటకం ఎలా కట్టాడో రాసిస్తే మాత్రం "పాఠకులు చదవరండీ" అంటారు. దాంతో అమరుడు మిగిలాడు, నాటకకర్త పోయాడు.

1978 నుంచి మొదలుపెట్టు. ఎమర్జెన్సీ తర్వాత పెద్ద నాటకాలు వేయించుకునే డబ్బు యూనియన్ల దగ్గర లేదు. 1973లో పుట్టిన సఫ్దర్ బృందం జన నాట్య మంచ్ వీధికెక్కింది అందుకే, సిద్ధాంతం వెనకాల వచ్చింది. ఢిల్లీ పక్కన ఘజియాబాద్ వైపు ఓ ఫ్యాక్టరీలో కార్మికులు అడిగినవి రెండే: సైకిల్ స్టాండు, టీ క్యాంటీను. కాపలావాళ్లు కాల్చారు. అందులోంచి వచ్చిందే 'మెషీన్'. మొత్తం 13 నిమిషాలు. నటులే యంత్రం భాగాలై చేతులాడిస్తూ నోటితో చప్పుడు చేస్తారు. ఉన్నట్టుండి యంత్రం ఆగిపోతుంది. ఎందుకాగిందన్నదే నాటకం.

నీ మూడో రంగంలో హీరో నాలుగు పేజీలు ఏకబిగిన మాట్లాడతాడు. చుట్టూ జనం నిలబడే చోట, అతని వీపు వైపున్నవాళ్లకు మాట అందదు. ముందు వాళ్లు కదులుతారు, వాళ్లని చూసి పక్కవాళ్లు. ఒక్కరి మాట మూడు వాక్యాలు దాటనివ్వకు. బదులిచ్చేవాణ్ని వలయానికి అవతలి అంచున నిలబెట్టు, అప్పుడు గొంతు అందరి మీదుగా పోతుంది. కథకు ప్రాణమైన సంగతి రెండుసార్లు రావాలి, రెండోసారి వేరే మనిషి నోట, వేరే దిక్కుకు. అసలు మాట పడేముందు డప్పు ఆగాలి, నువ్వు దాని మీదే డప్పు వేయించావు. నాటక పరిషత్తు పోటీల్లో మార్కులు రాల్చే ఆ లైటింగ్ సూచనలన్నీ కొట్టెయ్యి.

ఇక చివరి రంగం. "దుష్టశక్తులు దాడి చేశాయి" అట! పార్టీ కార్యకర్త జీవితం రాస్తూ రాజకీయం ఎలా మింగేశావు? 1989 జనవరి 1న ఘజియాబాద్ దగ్గరి సాహిబాబాద్ ఝండాపూర్‌లో, మునిసిపల్ ఎన్నికల్లో సీపీఎం అభ్యర్థి తరఫున 'హల్లా బోల్' నాటకం ఆడుతుండగా బృందం మీద దాడి జరిగింది. రామ్ బహదూర్ అనే కార్మికుణ్ని కాల్చి చంపారు, నీ ప్రతిలో అతని ఊసే లేదు. సఫ్దర్ మర్నాడు పోయాడు, 34 ఏళ్లకి. 4వ తేదీన భార్య మలయశ్రీ, బృందం అక్కడికే వెళ్లి ఆగిన నాటకం పూర్తిచేశారు. ఆ ఘట్టంలో ఏడుపు సంగీతం పెట్టకు, నాటకాన్నే ఆడించు.

2003లో ఘజియాబాద్ కోర్టు ఒక కాంగ్రెస్ నాయకుడితో సహా పదిమందిని దోషులుగా తేల్చింది. ఆ తీర్పు సంపాదించి చదువు. 'దుష్టశక్తులు' కొట్టేసి అందులో ఉన్నది ఉన్నట్టు రాసి, ఆ ప్రతి పంపు.