గుంత తవ్వే ముందు

ఒరే అల్లుడా,

ఉద్యోగం మానకుండానే పాకాల దగ్గర ఐదెకరాల్లో మామిడి పెడతావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమే. మాకంటే మొనగాడివి అయినావు. కానీ మామిడి పెడతా అన్నావే గానీ, ఎందుకని ఒక్క ముక్క అనలేదంట. నాకు నిద్ర పట్టనిది అక్కడే.

భూమిపూజకు అయ్యవారు సంకల్పం చెప్పేటప్పుడు ఫోన్ చూసుకోకుండా విను. ముందు చోటు. తర్వాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. ఆపైన గోత్రం, పేరు. ఆ తర్వాత ఏం కోరి చేస్తున్నావో. "కరిష్యే", అంటే చేస్తాను అనే మాట, అన్నిటికన్నా చివర వస్తుంది. తోట దగ్గర మాత్రం మనవాళ్లు దీన్ని తిరగేస్తారు. గుంతలు తవ్వేసి, మొక్కలు నాటేసి, ఏడేళ్లకు కాయలు కొనేదెవరా అని ఆలోచిస్తారు.

మన పక్క పాత తప్పు అదే. పక్క చేన్లో తోతాపురి ఉంది, మనమూ అదే పెడదాం. తోతాపురి నమ్మకంగా ఏటా కాస్తుంది, నిజమే. అయితే అది గుజ్జు ఫ్యాక్టరీ కాయ. ఊరంతా కొన్ని వారాల్లోనే కోతకొస్తుంది. చెట్టు ఆగదు, ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ ఆగుతుంది. 2025లో రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కాలంటే ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని తేల్చాల్సి వచ్చింది. తోతాపురిని తిట్టడం లేదప్పా. ఫ్యాక్టరీ కోసం నాటుతున్నానని తెలిసి నాటినవాడు ముందే బేరం చూసుకుంటాడు, ట్రాక్టర్‌కు దారి వదులుకుంటాడు. తెలియకుండా నాటినవాడికి రెండూ ఉండవు.

మనుషులు తినే కాయ కావాలంటే బేనీషా, అదే బంగినపల్లి. అది ఏటా ఒకేలా కాయదు, కాబట్టి నెలనెలా బ్యాంకు కంతుకు దాన్ని నమ్ముకోవద్దు. చిక్కం కట్టిన గెడతో, తొడిమె ఉండేట్టు కోయాలి. సొన కారితే తొక్క నల్లబడుతుంది, రేటు పడిపోతుంది. తాత భూమి బీడు పడకూడదనేదే నీ కోరికైతే, చింత చెట్లు పెట్టి హాయిగా ఉండు. ఫోటోలకైతే రెండు చెట్లు చాలు, ఐదెకరాలెందుకు?

కాయ ఎవరు తింటారు, ఎవరు కోస్తారు, చెట్టు కాయని ఏడాది ఖర్చు ఎవరు పెడతారు? ఈ మూడూ కాగితం మీద రాసి నాకు పంపు. మొక్కకూ మొక్కకూ ఎడం ఎంతో దాన్నిబట్టే చెప్తా. పది మీటర్ల ఎడమైతే ఎకరాకు 40 మొక్కలు, ఐదు మీటర్లయితే 160. ఆ 160కి ఏటా కోత కాగానే కొమ్మలు కత్తిరించాలి. నెలకోసారి వచ్చిపోయేవాడికి అది వద్దు.

గుంత మూడడుగులు, ఎండాకాలంలోనే తవ్వు. పైమన్ను విడిగా పెట్టి, మాగిన దిబ్బెరువు కలిపి పూడ్చు. వానలు పడ్డాక నాటు. అంటు కట్టిన చోటు మట్టిలో మునగకూడదు, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కోసెయ్. ఆ అతుకు కింద చిగురొస్తే మురిసిపోవద్దు, అది అంటు కింద ఉన్న టెంక మొక్కది. వదిలితే నువ్వు డబ్బు పోసి కొన్న రకాన్ని మింగేస్తుంది.

మొదటి మూడేళ్లు పూత వచ్చినా గిల్లెయ్యాలి. లేకపోతే మొక్క వేళ్లు, కొమ్మలు పెంచుకోవాల్సిన బలమంతా కాయకు పోతుంది. రెండో ఏటే మోకాలెత్తు కొమ్మకు పచ్చగా పూత వేలాడుతుంటే చెయ్యి రాదు. ఆ పొద్దు మాత్రం మీ అమ్మను తోటకు తీసుకుపోవద్దు, ఆమె గిల్లనియ్యదు.

మీ మామ,
చిత్తూరు