కాంట్రాక్టు ఉద్యోగం, ఐదేళ్ళ పీహెచ్‌డీ, నూటికి రెండు వడ్డీ

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పిల్లల ఫిజియోథెరపీలో ఎంపీటీ అనే పీజీ చేసి, బరంపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాను. జీతం 46 వేలు, మావారికి దుకాణం మీద 22 వేలు. ఇంటి ఖర్చు 38 వేలు. రెండు లక్షల చీటీకి నెలకు 10 వేలు, ఇంకా ఎనిమిది వాయిదాలున్నాయి. బ్యాంకులో 40 వేలు. ఆరోగ్య బీమా కాలేజీ ఇచ్చిందే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు హామర్‌స్మిత్ నాడీ పరీక్ష మీద పీహెచ్‌డీ చేయాలనుంది. ఫీజు ఏడాదికి 1.2 లక్షలు. దానికీ, పిల్లల ఎదుగుదలను కొలిచే బేలీ కిట్‌కీ 6 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని, చాలకపోతే అత్తగారి బంగారం తాకట్టు పెట్టొచ్చా? తెలిసినాయన నూటికి రెండుకే ఇస్తానన్నారు.

జవాబు: నూటికి ‘రెండుకే’ అంటున్నారు. ఏడాదికి 24 శాతమండీ అది! ఆ బంగారం బీరువాలోంచి కదలకూడదు.

ఇక పర్సనల్ లోన్. 14 శాతానికి దొరికినా ఐదేళ్ళ పాటు నెలకు దాదాపు 13,960. మొత్తం కట్టేది 8.37 లక్షలు. మీ పరీక్ష రెండు నెలల పాపాయి నుంచి 24 నెలల దాకా చేసేది. పిల్లల్ని చేర్చుకోవడానికే ఏడాది పడుతుంది, ఆఖరున చేరిన బిడ్డకు రెండేళ్ళు నిండాలి. ముందు కోర్సువర్కు, తర్వాత థీసిస్. ఐదేళ్ళలోపు తేలదు. డాక్టరేటు వల్ల జీతం పెరిగేనాటికి అప్పు మొత్తం ఈ 46 వేల జీతంలోంచే తీరిపోయి ఉండాలి.

ఆలోగా కాలేజీవాళ్ళు కాంట్రాక్టు పొడిగించకపోతే? మీ ఉత్తరంలో ఎక్కడా లేని ప్రశ్న ఇదే. నాకు రాసే లెక్చరర్లలో చాలామంది దీన్ని మర్చిపోతారు, అందుకే మీకు జవాబిస్తున్నాను. ఉద్యోగం పోతే కాలేజీ బీమా కూడా దాంతోపాటే పోతుంది.

కాబట్టి ముందు తొమ్మిది నెలల ఇంటి ఖర్చు, 3.42 లక్షలు, కూడబెట్టండి. ఇద్దరివీ స్థిరమైన జీతాలైతే ఆరు నెలలు చాలనేవాణ్ణి. చీటీ ఇప్పుడే పాడుకోకండి. చివరిదాకా ఆగితే కమీషన్ పోను 1.9 లక్షలు చేతికొస్తాయి. ఈఎంఐకి సిద్ధపడ్డ 14 వేలే ఎనిమిది నెలలు వేరే ఖాతాలో వేస్తే 1.12 లక్షలు. ఉన్న 40 వేలు కలిపితే లెక్క సరి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకండి. తొమ్మిదో నెల నుంచి చీటీకి కట్టే 10 వేలతో కలిపి నెలకు 24 వేలు మిగులుతాయి, ఐదు నెలల్లో ఏడాది ఫీజు తయారు. ఒక అడ్మిషన్ ఆలస్యమవుతుంది, కానివ్వండి.

హామర్‌స్మిత్‌కు బేలీ కిట్‌తో పనేమిటి? 26 అంశాల ఫారం, మీ చేతులు, పది నిమిషాలు చాలు కదా. బేలీ కావాలంటే డిపార్ట్‌మెంటు చేత కొనిపించండి.

సొంత ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ ఒకే ఆరోగ్య బీమా, మాత్రం ఈ నెలలోనే తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి దానిమీద జీఎస్టీ కూడా లేదు. అత్తమామల్లో 70 దాటినవారుంటే ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ కార్డు వస్తుంది. టర్మ్ జీవిత బీమా పాలసీ ఇద్దరికీ ఉండాలి. నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్ సంగతి తర్వాత. అప్పు తప్పదనుకుంటే బ్యాంకు విద్యారుణం అడగండి.

దరఖాస్తు పెట్టేముందు కాలేజీలో ఒకటి కనుక్కోండి: పీహెచ్‌డీ చేస్తుండగా మీ కాంట్రాక్టు పొడిగిస్తారా, లేదా? జవాబు కాగితం మీద తీసుకోండి.