కాలవ గట్టు మీద సైకిల్ హ్యాండిల్ కిందికి వాలిపోతోందా?

రాజోలు నుంచి అంతర్వేది వెళ్లేసరికి అడ్జస్టబుల్ స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే, కోణం మార్చుకోగల ముక్క) కిర్రుమంటూ కొంచెం కిందికి దిగిపోతోందన్నారు కదండీ, తప్పు కీలు దగ్గర ఉండొచ్చు. కోణం మార్చేటప్పుడు బోల్టు కాస్త వదులు చేసి తిప్పేస్తారు. అప్పుడు లోపలి పళ్లు ఒకదాన్లో ఒకటి కూర్చోవు, కొసల మీద ఆగుతాయి. గతుకు తగలగానే జారతాయి.

కీలు బోల్టు పూర్తిగా ఊడదీసి పళ్లు తుడవండి. అరిగి గుండ్రబడితే ఆ స్టెమ్ ఇక పనికిరాదు, బిగించే కొద్దీ ప్రమాదమే. బాగుంటే బోల్టు మరకు గ్రీజు రాసి (సముద్రపు గాలికి తుప్పు త్వరగా పడుతుంది), పళ్లు కలిశాక స్టెమ్ మీద ముద్రించిన న్యూటన్ మీటర్ల (బిగింపు బలం) అంకె వరకే టార్క్ రెంచితో, అంటే ఆ బలాన్ని కొలిచే పానాతో, బిగించండి. స్టెమ్ ఫోర్కు గొట్టాన్ని పట్టుకునే చోట మాత్రం గ్రీజు వద్దు. అక్కడ విప్పితే, మళ్లీ బిగించేటప్పుడు ముందు పై మూత బోల్టుతో హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగులు) లూజు తీసి, ఆ తర్వాతే స్టెమ్ పక్క బోల్టులు బిగించండి.

ఇంకోటి. 110 మి.మీ. స్టెమ్‌ను 10 నుంచి 40 డిగ్రీలకు లేపితే హ్యాండిల్ సుమారు 4 సెం.మీ. పైకి, దాదాపు అంతే వెనక్కీ వస్తుంది. బ్రేకు లివర్ల కోణం మళ్లీ సరిచేయాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి కేబుళ్లు లాగుతున్నాయేమో చూడండి.

హ్యాండిల్ బ్యాగులోని బరువు వెనక క్యారియర్‌కి మార్చండి. కోణం కుదిరాక అదే కోణంలో ఫిక్స్‌డ్ స్టెమ్ కొనడమే నా ఓటు.